ఉప్పుగాలిలో 8×42 బైనాక్యులర్: తిత్లీకి ముందు కొన్నాను, ఇప్పటికీ వాడుతున్నాను

బైనాక్యులర్ కొన్న వారానికే రాసేసే రివ్యూలు బోలెడు. ఎంత దూరం కనబడుతుంది, రంగులు ఎలా ఉన్నాయి, చేతిలో ఎంత బరువు, అంతవరకే. మన శ్రీకాకుళం తీరంలో అసలు పరీక్ష ఆ తర్వాత మొదలవుతుంది. రెండు మూడు వానాకాలాలు గడిచాక అద్దం లోపల బూజు పట్టిందా లేదా అన్నదే ఇక్కడ లెక్క. నాది 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను రాకముందు కొన్నది. టెక్కలి దగ్గర తేలినీలాపురం, ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచి, నౌపడ ఉప్పు మడులు, ఎక్కడికెళ్ళినా మెడలో ఇదే. కంపెనీ పేరు కావాలనే రాయడం లేదు. పది, పదిహేను వేల మధ్య దొరికే వాటిలో తేడాలు కొద్దిగానే ఉంటాయి. ఎన్నాళ్ళు మన్నుతుందన్నది మనం దాన్ని పెట్టే డబ్బాను బట్టే ఎక్కువ.

అట్టపెట్టె మీద కొమ్ముల దుప్పి బొమ్మ ఉంది, వేటగాళ్ళ కోసం తయారైన సరుకు మరి. మన దగ్గర 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక ఆ ముచ్చటే లేదు, చూడడం వరకే మన పని. తమాషా ఏమిటంటే, లోపలి కాగితంలోని జాగ్రత్తలన్నీ కూడా చలిదేశపు వేటగాడికే. మంచు పడితే ఏం చేయాలి, తుపాకీ నూనె అంటితే ఎలా తుడవాలి అని ఉంది. సముద్రపు ఉప్పు గురించి ఒక్క ముక్క లేదు. క్లబ్బుల్లో రైఫిల్ షూటింగ్ చేసేవాళ్ళ స్కోపుకైనా అద్దం ఇదే, పైపూత ఇదే. కింద రాసినది వాళ్ళకీ పనికొస్తుంది.

8 అంటే ఎనిమిది రెట్లు దగ్గరగా చూపిస్తుంది, 42 అంటే ముందు అద్దం వ్యాసం మిల్లీమీటర్లలో. 42ని 8తో భాగిస్తే 5.25. కంటిలోకి వచ్చే వెలుగు వృత్తం అంత వెడల్పు. తెల్లవారుజామున, ముసురు పట్టిన రోజున ఆ వెడల్పు బాగా పనికొస్తుంది. 10 రెట్లది కొందామని అందరికీ ఉంటుంది కానీ, చేతి వణుకు కూడా పది రెట్లవుతుంది. తేలినీలాపురంలో గూడబాతులు, పెయింటెడ్ స్టార్క్ కొంగలు గూళ్ళు కట్టేది ఊరి చెట్ల మీదే. అక్కడ 8 చాలు, నిజానికి అంత కూడా అక్కర్లేదు. (ఆ పక్షుల్ని ఊరూరా సైబీరియా పక్షులు అంటారు, పేపర్లు కూడా అలాగే రాస్తాయి. గూడబాతు మన దక్షిణాసియా పక్షే, సైబీరియా ముఖం చూసి ఎరగదు.)

ఇక ఉప్పు సంగతి. నౌపడ మడుల గట్ల మీద ఓ పూట నిలబడితే చాలు, ముందు అద్దాల మీద సన్నని తెల్లటి పొర పడుతుంది. దాన్ని తువ్వాలుతోనో చొక్కా అంచుతోనో తుడిస్తే, ఉప్పు రవ్వలతో అద్దాన్ని రుద్దినట్టే. వెలుగు బాగా రావడానికి అద్దం మీద వేసే పూత చాలా పలచన, గీతలు పడితే మళ్ళీ రాదు. లెన్స్ క్లీనర్ అని అమ్మే ద్రావకాల్లో చాలావాటికి మూలం ఆల్కహాల్. ఆల్కహాల్ జిడ్డును వదిలిస్తుంది, వేలిముద్రలు పోతాయి. ఉప్పు మాత్రం అందులో కరగదు, దానికి నీళ్ళే కావాలి. ఈ చిన్న విషయం ఏ క్లీనింగ్ కిట్ మీదా రాసి ఉండదు. ఆల్కహాల్ మాత్రమే వాడి "ఇంకా మసకగానే ఉంది" అని మళ్ళీ మళ్ళీ రుద్దేవాళ్ళ అద్దాలు పాడయ్యేది ఇందుకే.

నేను చేసేది ఇది. ముందు రబ్బరు బ్లోయర్‌తో దుమ్ము ఊదుతాను. నోటితో ఊదితే తుంపర్లు పడతాయి, స్ప్రే డబ్బాల గాలిలో ఒక్కోసారి చల్లటి ద్రవం చిమ్ముతుంది, రెండూ వద్దు. తర్వాత మెత్తటి బ్రష్. ఆ తర్వాత బ్యాటరీలకు పోసే డిస్టిల్డ్ వాటర్‌తో శుభ్రమైన మైక్రోఫైబర్ గుడ్డను తడిపి అద్దం మీద కాసేపు ఆనించి ఉంచుతాను, రుద్దను. ఉప్పు కరిగి గుడ్డకు వచ్చేస్తుంది. గుడ్డ మార్చి మధ్య నుంచి అంచుకు తిప్పుతూ తేలిగ్గా తుడుస్తాను. జిడ్డు మిగిలితే అప్పుడే ద్రావకం, అదీ గుడ్డ మీద ఒక చుక్క, అద్దం మీద నేరుగా ఎప్పుడూ వేయను. నాది నీళ్ళు చొరని రకం, లోపల నైట్రోజన్ నింపినది. కాబట్టి ఉప్పు మరీ ఎక్కువైతే ఒళ్ళంతా మంచినీళ్ళతో కడిగి ఆరబెడతాను. సీలు లేని పాతకాలపు రకానికి ఈ పని చేయకండి. ఇంట్లో కిటికీ అద్దాలు తుడిచే అమ్మోనియా నీళ్ళు ఏ రకానికీ వద్దు.

తేలినీలాపురం చెట్ల కింద ఇంకో గండం రెట్ట. గూడబాతు రెట్ట అంటే మామూలు విషయం కాదు. ఒకసారి మెడలో వేలాడుతున్న బైనాక్యులర్ మీద దభీమని పడింది. పక్కనే చుట్ట కాలుస్తున్న తాత నవ్వాపుకోలేక "ఏటి బాబూ, దుర్భిణీలోంచి బాగా కనబడతందా?" అన్నాడు. గోకకూడదు. తడిగుడ్డ కప్పి నానబెట్టాలి, మెత్తబడ్డాక ఎత్తేయాలి. ఎండనిస్తే పూత మీద మచ్చ పడుతుంది. వర్షం లేకపోయినా అక్కడికి గొడుగు పట్టుకెళ్తాను. దోమల క్రీము రాసుకున్న చేతులతో పట్టుకోవడం కూడా మానేశాను. డీట్ ఉన్న మందులు ప్లాస్టిక్‌నీ రబ్బరునీ తినేస్తాయి.

మన దగ్గర బైనాక్యులర్లను ఎక్కువగా చంపేది మాత్రం బీరువా. విలువైన వస్తువు కదా అని దాన్ని తోలు సంచీలో పెట్టి, పట్టుచీరల మధ్య, కలరా ఉండల పక్కన దాస్తారు. తోలు తేమను పీల్చుకుని పట్టి ఉంచుతుంది, చీకటి, గాలి ఆడదు, బూజుకు అంతకన్నా ఏం కావాలి? కలరా ఉండల ఆవిరి కూడా అద్దాలకు మంచిది కాదు. కెమెరా కంపెనీలు వాటి దగ్గర పెట్టొద్దని ముందే చెబుతాయి. మా మావయ్య దగ్గర ఉన్న పాత దుర్భిణి అలాగే పోయింది. చీకటి గదిలో ఒక వైపు నుంచి ఫోన్ టార్చి వేసి రెండో వైపు నుంచి చూస్తే సాలెగూడులాంటి పోగులు. బాగు చేయిస్తే బూజు పోయింది గానీ పూత మీద దాని గీతలు అలాగే మిగిలాయి. పైగా విప్పి బిగించడంలో రెండు గొట్టాల వరస తప్పి బొమ్మ రెండుగా కనబడేది, పది నిమిషాలు చూస్తే తలనొప్పి. టార్చి వేసినప్పుడు నాలుగైదు దుమ్ము రవ్వలు కనిపిస్తే మాత్రం కంగారు పడొద్దు, వాటివల్ల చూపుకు ఏ తేడా రాదు.

నాది ఉండేది వంటింటి రకం, రబ్బరు అంచుతో మూత బిగుసుకునే ప్లాస్టిక్ డబ్బాలో. అందులో సిలికా జెల్ పొట్లాలు, చిన్న డిజిటల్ తేమ మీటరు. తేమ 40, 50 శాతం మధ్య ఉండేలా చూసుకుంటాను. నారింజ రంగు గుళికలు తేమ పీల్చి ముదురు ఆకుపచ్చకు తిరిగితే, వంటకు వాడని పాత మూకుడులో సన్నసెగ మీద వేడి చేస్తాను, రంగు తిరిగొస్తుంది. తేమకు బియ్యంలో పెట్టమని సలహా ఇచ్చేవాళ్ళున్నారు. బియ్యంలో పొడి తప్ప ఏమీ లేదు, అది కీళ్ళలోకి వెళ్తుంది. కరెంటుతో నడిచే డ్రై క్యాబినెట్ మంచిదే, డబ్బున్నవాళ్ళు కొనుక్కోవచ్చు. అయితే తిత్లీ తర్వాత ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు లేదు. గోడలు చెమ్మతో నానిపోయిన ఆ రోజుల్లో ఈ ప్లాస్టిక్ డబ్బాయే దాన్ని కాపాడింది. నేను పెట్టిన డబ్బులన్నిటిలో బాగా గిట్టుబాటైంది ఇదే.

లెన్స్ పెన్ ఫర్వాలేదు. కొసన ఉండే కార్బన్ పొడి వేలిముద్రల్ని బాగా తీస్తుంది. తీరానికి వెళ్ళొచ్చిన రోజు మాత్రం దాన్ని ముట్టుకోను, ఉప్పు రవ్వ ఒక్కటి దాని మెత్తకు అంటుకుందంటే ఇక ప్రతిసారీ గీతే. అయిదారు వస్తువులున్న క్లీనింగ్ కిట్ శుద్ధ దండగ, బ్లోయర్ తప్ప మిగతావన్నీ డ్రాయరులో పడి ఉన్నాయి.

బైనాక్యులర్ ఒంటికి ఉన్న రబ్బరు తొడుగు నాలుగో వేసవి నుంచి జిగటగా తయారైంది. వేడికీ చెమ్మకూ ఈ రకం రబ్బరు ఇలాగే అవుతుందట. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిస్తే జిగట తగ్గుతుంది, కొన్నాళ్ళకు మళ్ళీ వస్తుంది. కంటి దగ్గరి తిప్పుడు కప్పు ఒకటి వదులైంది. ఫోకస్ చక్రం మాత్రం మొదటి రోజులాగే తిరుగుతోంది, లోపల బూజు జాడ లేదు.

మళ్ళీ కొనాల్సి వస్తే సీలు చేసిన ఈ రకాన్నే తీసుకుంటాను, ఎంత చవగ్గా వచ్చినా సీలు లేనిది వద్దు. కళ్ళజోడు పెట్టుకునేవాళ్ళు ఐ రిలీఫ్ (బొమ్మ మొత్తం కనబడుతూనే కంటి దగ్గరి అద్దానికి కన్ను ఎంత దూరంలో ఉండొచ్చో ఆ దూరం) 15 మిల్లీమీటర్ల కన్నా తక్కువ ఉన్నది తీసుకుంటే బొమ్మ చుట్టూ నల్లటి గుండ్రమే కనబడుతుంది. ఆ అంకె అట్టపెట్టె మీద లేకపోతే షాపులోనే కళ్ళజోడుతో పెట్టుకుని చూసి కొనండి.