తొలిచూలు పెయ్యకు ఏ ఆబోతు మేలు?

శంషాబాద్, మొయినాబాద్ వైపు పోటీల కోసం ఒంగోలు పెయ్యల్ని పెంచేవాళ్లు ఈ మధ్య వరసగా ఒకటే అడుగుతున్నారు. తొలి ఈతకు బహుమతులు కొట్టిన ఆబోతుతో కట్టించాలా, తేలికైన దూడలనిచ్చే ఆబోతును చూసుకోవాలా అని. నా ఓటు రెండోదానికే. కానీ తేలికైన దూడ అనగానే చాలామంది బక్కపలచని ఆబోతు కోసం వెతుకుతున్నారు. అది సరికాదు.

బహుమతి ఆబోతు మీద మోజు సహజమే. నిండైన మూపురం, మడతలుపడ్డ గంగడోలు, నల్లటి ముట్టె దూడకు రావాలంటే తండ్రిలో ఉండాలి కదా. అయితే ఎదిగాక ఎంత భారీగా ఉందో చూసి, దాని దూడలు పుట్టేటప్పుడు ఎంత బరువుంటాయో చెప్పలేం. తేలిగ్గా పుట్టి వేగంగా పెరిగే వంశాలున్నాయి, పుట్టుకతోనే బరువైనవీ ఉన్నాయి. అందుకే నేను ఆబోతు కన్నా ముందు, వేరేవాళ్ల కొట్టాల్లో పుట్టిన దాని దూడల గురించి ఆరా తీస్తాను. ఒంగోలు దూడ మామూలుగా 25-30 కిలోల మధ్య పుడుతుంది. తూకం వేయడం కష్టమేమీ కాదు. ఒళ్లు ఆరిన దూడను ఎత్తుకుని ఇంట్లోని బరువు మిషన్ మీద నిలబడి, మన బరువు తీసేస్తే చాలు. ఒక్క జాగ్రత్త: ఆ దూడల్ని ఈనినవి ఆవులా, పెయ్యలా అని తప్పకుండా అడగండి. నాలుగు ఈతల ఆవు పెద్ద దూడనైనా సులువుగా ఈనేస్తుంది. ఆ లెక్క తొలిచూలుకు పనికిరాదు.

నా దృష్టిలో అసలు తేల్చేది ఇంకొకటి ఉంది. పోటీ పశువులు పెంచేవాళ్లం పెయ్యదూడ పుడితే అమ్ముకోం, మందలోనే ఉంచుకుంటాం. తరం తర్వాత తరం సన్నటి ఆబోతులనే వాడుతూ పోతే, కూతుళ్ల తుంటి కూడా ఇరుకవుతుంది. ఈ ఏడు సులువుగా పుట్టిన దూడే తన వంతు వచ్చేసరికి ఈనలేక అవస్థపడుతుంది. కాబట్టి ఆబోతు కూతుళ్లు తమ తొలి ఈతలో ఎలా ఈనాయో కనుక్కోండి. వీలుంటే వెనక నిలబడి వాటి తుంటి ఎముకల మధ్య వెడల్పు చూడండి. ఈ రెండు లెక్కలూ బాగున్న ఆబోతు దొరికితే మూపురంలో కాస్త తక్కువైనా నేను దానికే మొగ్గుతాను.

ఎంత మంచి ఆబోతైనా పెయ్య ఎదగకపోతే చేసేదేమీ లేదు. ఎదిగిన ఒంగోలు ఆవు 430-450 కిలోలుంటుంది. అందులో 60-65 శాతం, అంటే 270-280 కిలోలు దాటాకే కట్టించాలి. పోటీలకని తవుడు, చెక్క దండిగా పెట్టి కొవ్వు పట్టిస్తే ఈనే దారి ఇరుకవుతుంది. అలాగని చివరి నెలల్లో కడుపు మాడ్చకండి, దూడ పెద్దగా తగ్గదు గానీ పెయ్య నీరసించి ముక్కలేకపోతుంది. గిట్టలు కనిపించాక గంటసేపు ముక్కినా దూడ ముందుకు రాకపోతే డాక్టర్‌ని పిలవండి.

మిగతావి క్లుప్తంగా. పెయ్యదూడలే పుట్టేలా వేరుచేసిన సెమన్ (వీర్యం)తో దాదాపు 90 శాతం పెయ్యలే పుడతాయి, అవి కోడెదూడల కన్నా కిలో రెండు కిలోలు తేలిక. ఆ సెమన్‌తో చూలు కట్టే అవకాశం కొంచెం తక్కువ, ధర ఎక్కువ. ఊరి ఆబోతుకు లెక్కలుండవు, నాకు నమ్మకం లేదు. పుంగనూరు ఆబోతు దూడ సులువుగానే పుడుతుంది, కానీ ఒంగోలు పోటీలో నిలబడదు.

మా పెయ్యకు ఈసారి కూతుళ్ల లెక్క బాగున్న ఆబోతునే ఎంచుకున్నాం. బహుమతి ఆబోతు సంగతి రెండో ఈతకు చూస్తాం. చూలు కట్టడానికి సూది వేయించిన రోజు స్ట్రా (సెమన్ నింపిన సన్నటి గొట్టం) మీద అచ్చేసిన ఆబోతు నంబరును మీరూ రాసి పెట్టుకోండి, ఈనాక దూడ బరువు పక్కన రాయండి. అదే నంబరు గురించి రేపు ఇంకొకరు అడిగితే చెప్పడానికి ఒక లెక్క ఉంటుంది.