మణికట్టు ఆపరేషన్‌కు పూర్తి మత్తా, చేతికి మాత్రమే మత్తా: ఏది మేలు?

మణికట్టు ఎముక విరిగి ప్లేటు వేయాల్సి వస్తే మత్తుకు ప్రధానంగా రెండు దారులు. ఒకటి, మనిషిని నిద్రపుచ్చే జనరల్ అనస్థీషియా. రెండోది, అల్ట్రాసౌండ్‌లో చూస్తూ కాలర్ ఎముక పైన నరాల గుత్తి చుట్టూ మందు వేసే సుప్రాక్లావిక్యులర్ బ్లాక్. చాలామందికి బ్లాకే మేలు. అయితే ఆపరేషన్ రోజు రాత్రి సంగతి ముందే వివరంగా చెప్పి ఉండాలి.

జనరల్‌లో ఆపరేషన్ జరిగినట్టే తెలియదు. తెలిసేది తరవాతే: గొంతు మంట, వికారం, మగత, మెలకువతో పాటే నొప్పి.

బ్లాక్‌లో వికారం తక్కువ, గంటల తరబడి నొప్పి తెలియదు. మత్తుమందు 0.5 శాతం బుపివకైన్ గానీ రోపివకైన్ గానీ 20–30 మి.లీ. పడుతుంది. మి.లీ.కి 5 మి.గ్రా. కాబట్టి, కిలోకు 2 మి.గ్రా. హద్దున్న బుపివకైన్ 50 కిలోల మనిషికి 20 మి.లీ. మించకూడదు. నోటి చుట్టూ తిమ్మిరి, చెవుల్లో హోరు అనిపిస్తే వెంటనే చెప్పమనాలి. మందు రక్తంలోకి చేరిందనడానికి అవి తొలి గుర్తులు. దానికి విరుగుడైన 20 శాతం లిపిడ్ ఎమల్షన్ (కొవ్వు ద్రావణం) థియేటర్‌లో చేతికందేలా ఉండాలి.

అసంతృప్తి ఎక్కువగా తొందరలోంచే పుడుతుంది. మత్తు పట్టడానికి 15–30 నిమిషాలు కావాలి. స్పిరిట్ దూది చల్లగా తగిలితే ఇంకా ఆగాల్సిందే. పూర్తిగా పట్టాక కూడా లాగడం, నొక్కడం తెలుస్తాయి. ఈ మాట ముందే చెప్పకపోతే రోగి "మత్తు పనిచేయలేదు" అని హడలిపోతాడు. పై చేతికి టూర్నికే (రక్తం ఆపే పట్టీ) బిగిస్తే చంక దగ్గరి లోపలి చర్మం సలుపుతుంది. ఆ నరం ఈ బ్లాక్‌కు అందదు, అక్కడ చర్మం కింద విడిగా కొంచెం మందు వేయాలి. భయస్తులకు ఆందోళన తగ్గించే మిడజోలమ్ 1–2 మి.గ్రా. చాలు, దానికోసం జనరల్ అక్కర్లేదు.

బ్లాక్ వల్ల వచ్చే కనురెప్ప వాలడం, గొంతు బొంగురుపోవడం దానితో పాటే పోతాయి. ఆ వైపు డయాఫ్రమ్ (ఊపిరి పీల్చే కండరం) బలహీనపడటం మాత్రం ఊపిరితిత్తుల జబ్బున్నవారికి ప్రమాదమే. వాళ్లకు చంకలో చేసే యాక్సిలరీ బ్లాక్ నయం. అందులో మస్క్యులోక్యుటేనియస్ నరాన్ని వదిలేస్తే ముంజేతిలో బొటనవేలి వైపు నొప్పి అలాగే ఉంటుంది. ప్లేటు కోసం కోసేది అటువైపే మరి!

ఇక రాత్రి. బ్లాక్ 8–14 గంటలు ఉంటుంది. పగలు 11 గంటలకు వేస్తే అర్ధరాత్రి ప్రాంతంలో ఒక్కసారిగా వదిలి, నొప్పి ఉప్పెనలా వస్తుంది. పగలంతా హాయిగా ఉన్నవాళ్లు కూడా మర్నాడు "ఇంకెప్పుడూ వద్దు" అనేది ఇందుకే. "నొప్పే లేదుగా, మాత్రెందుకు?" అనుకోవద్దు. వేరే అడ్డంకి లేని పెద్దలు పారాసిటమాల్ 1 గ్రాము ఆరేసి గంటలకు సాయంత్రం నుంచే మొదలుపెట్టాలి. బ్లాక్‌కు డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ కలిపితే మత్తు వదలడం మరికొన్ని గంటలు ఆలస్యమవుతుంది, మాత్రల వేళ కూడా దాన్ని బట్టే. మత్తు వదిలేవరకూ చెయ్యి స్లింగ్‌లోనే ఉండాలి, వేడి గిన్నెల జోలికి పోకూడదు. వేళ్లు నీలంగా మారినా, కట్టు బిగుసుకుపోయినట్టున్నా, 24 గంటలైనా మొద్దుదనం వదలకపోయినా ఆస్పత్రికి ఫోన్ చేయాలి.

చిన్నపిల్లలకు, సూది గుచ్చేచోట ఇన్ఫెక్షన్ ఉన్నవారికి, చెప్పినా బ్లాక్ వద్దనేవారికి జనరలే సరి. ఏది ఎంచుకున్నా ఉపవాసం ఒకటే: అన్నం ఆపి 6 గంటలు, మంచినీళ్లు ఆపి 2 గంటలు. బ్లాక్ సరిగా పట్టకపోతే అప్పటికప్పుడు నిద్రపుచ్చాల్సి రావచ్చు.