సుబేదారి యూనిఫాం టైలర్: పటాలం నుంచి ట్రాఫిక్ డ్యూటీకి మారినోళ్లకు

హన్మకొండ సుబేదారిల, పోలీసు కమిషనరేట్‌ నుంచి నడిచిపొయ్యే దూరంల, ఒక సందు మొగదల ఉంటది ఈ దుకాణం. రెండు మిషన్లు, ఒక ఇస్త్రీ బల్ల, తాడు మీద వరుసగ వేలాడే ఖాకీ ప్యాంట్లు. బోర్డు మీద రంగు పోయింది. "పోలీసోళ్ల టైలర్ ఎక్కడ" అని అడిగితే ఎవరైనా చూపిస్తరు. యూనిఫాం కుట్టియ్యాలంటే నేను ఇంకో దిక్కు పోను.

నేను ముందు టెరిటోరియల్ ఆర్మీల ఉన్న. సికింద్రాబాద్‌ల ఉండే 125 పదాతి బెటాలియన్, గార్డ్స్‌ది. తెలువనోళ్లకు ఒక మాట: 1949 అక్టోబర్ 9న, రాజగోపాలాచారి గవర్నర్ జనరల్‌గ ఉన్నప్పుడు మొదలైన దళం ఇది. మామూలు రోజులల్ల ఎవని పని వాడు చేసుకుంటడు. ఏటా శిక్షణకు పోతడు. ఎంబాడీమెంట్ ఆర్డరు, అంటే డ్యూటీకి రమ్మని పిలుపు, వచ్చిందంటే పూర్తి జవానే. అక్కడ డిశ్చార్జి తీసుకున్నంక హోంగార్డుల చేరిన, ట్రాఫిక్‌ల వేసిండ్రు. మా చుట్టాలల్ల చానమంది "అదీ యూనిఫామే, ఇదీ యూనిఫామే, ఏం తేడా" అంటరు. తేడా ఎంతున్నదో నాకు మొదలు అర్థమయ్యేటట్టు చెప్పినాయన ఈ టైలర్ కాకనే.

పదాతి దళంల నేర్పేది కనబడకుండ ఉండుడు. చెట్టు పక్కన చెట్టు, మట్టి పక్కన మట్టి. 2022 జనవరి 15న ఢిల్లీ ఆర్మీ డే పరేడ్ల చూపిచ్చిన కొత్త కంబాట్ డ్రెస్ గుర్తుందా? నిఫ్ట్ అనే ఫ్యాషన్ కాలేజీ వాళ్లతోని కలిసి తయారుచేసింది. నూలు 70 పాళ్లు, పాలిస్టర్ 30 పాళ్లు. దాని షర్టు ప్యాంటు లోపలికి దోపరు, బెల్టు లోపట్నే ఉంటది. పండుకొని పాకాలె, ఉరకాలె కాబట్టి ఆ కుట్టుడే వేరు. ట్రాఫిక్‌ల తెల్ల షర్టు, ఖాకీ ప్యాంటు. లోపలికి దోపుకోవాలె, బెల్టు బయటికి కనబడాలె. దూరంకెళ్లి వచ్చే లారీ డ్రైవర్ మొదలు మనల్ని చూడాలె. అదే పని.

నేను మొదటిసారి పొయ్యి ఇంతకుముందు టెరిటోరియల్‌ల ఉన్ననని చెప్తే కాక టేపు పక్కకు పెట్టి, "సికింద్రాబాద్ కంటోన్మెంట్ గేట్ల కాడ మిలిటరీ పోలీసును చూసినవా?" అని అడిగిండు. చూడకేం కాక. ఎర్ర బెరెట్ టోపీ, తెల్ల బెల్టు, చేతికి ఎంపీ, అంటే మిలిటరీ పోలీస్, అని పట్టీ. "వాడు కూడా ఫౌజోడే. కానీ వాని బట్టలు దాక్కునేటందుకు కాదు, ఆపేటందుకు. నువ్వు ఇప్పుడు ఆ దిక్కు వచ్చినవు బిడ్డా. కొలతలు అట్లనే తీస్త" అన్నడు. ఆ ఒక్క మాటతోని నాకు పాత డ్యూటీ ఎక్కడ ఆగిందో కొత్త డ్యూటీ ఎక్కడ మొదలైందో తెలిసింది.

ఇగ కొలతలు. ఇట్లాంటి కొలతలు నేను ఎక్కడా చూడలే. వేరే చోట నిలువుగ నిలబెట్టి భుజం, ఛాతి, నడుము రాసుకుంటరు. ఈయన "రెండు చేతులు పైకెత్తు. ఎడమచేయి చాపి ఆపు. కుడిచేత్తోని రమ్మను. ఇప్పుడు మెల్లగ పక్కకు తిరుగు" అంటడు. చేయి ఎత్తినప్పుడు షర్టు ఎంత పైకి లేస్తుందో చూసి, అంత పొడుగు కింద కలుపుతడు. అందుకే దినమంత చేతులు ఊపినా షర్టు బెల్టుల నుంచి బయటికి రాదు. చంక కింద గుండ్రం కొంచెం పైకి కోస్తడు, వీపు మీద రెండు మడతలు ఇస్తడు. ఛాతి బిగుతుగ ఉన్నా చేయి ఆగదు. హన్మకొండ చౌరస్తల సాయంత్రం పూట నిలబడ్డోనికి ఈ మడతల విలువ తెలుస్తది. ఎడమ జేబు లోపల విజిల్ తాడుకు చిన్న లూప్ కుట్టిండు, నేను అడగకముందే. రిఫ్లెక్టర్ జాకెట్ వేసుకుంటే కాలర్ కాడ ఒరుసుకుంటదని అక్కడ రెండో వరుస కుట్టు వేసిండు.

ప్యాంటుకు మోకాళ్ల కాడ కొంచెం లూజు వదులుతడు. బండి మీద కూసుంటే, లేస్తే పట్టదు. నడుము కాడ లోపల బట్ట మంచిగనే వదిలిండు. పటాలంల ఉన్నప్పుడు ఉన్న ఒళ్లు ట్రాఫిక్‌ల నిలబడితే మారుతదని ఆయనకు ఎరుకే. తర్వాత రెండుసార్లు విప్పిచ్చిన, పైసలు తీసుకోలే.

తెల్ల బట్ట గురించి కూడా ఒకటి చెప్పాలె. పూర్తి కాటన్ తీసుకుందామనుకున్న, ఎండకు చల్లగ ఉంటదని. కాక టెరికాటన్ చేతిల పెట్టిండు. "మేడారం బందోబస్తుకు పోతవు కదా, జంపన్నవాగు దిక్కు దుమ్ము కాటన్ల పడితే పోదు" అన్నడు. జాతర డ్యూటీ తర్వాత చూస్తే ఆయన చెప్పిందే నిజం. పక్కనోని కాటన్ షర్టు కాలర్ ఎర్రగనే మిగిలింది, నాది సబ్బుతోని, కొంచెం నీలంమందుతోని తెల్లగయ్యింది. గంజి పెట్టొద్దన్నడు, చెమటకు గంజి అంటుకొని మెడ ఒరుస్తదట. అది కూడా పాటిస్తున్న.

నాకు ఈ దుకాణం మీద గౌరవం పెరిగింది వేరే కారణానికి. నేను ట్రయల్‌కు పోయిన రోజు ఒక పిల్లగాడు వచ్చి ఆర్మీ ప్రింట్ ప్యాంటు కుట్టియ్యమన్నడు, బట్ట కూడా తెచ్చుకున్నడు. కాక ముట్టుకోలే. సిపాయి కానోడు సిపాయినని నమ్మిచ్చేటందుకు ఆ బట్టలు వేస్తే భారతీయ న్యాయ సంహిత 168 కింద మూడు నెలల దాకా జైలు ఉంటదని మెల్లగ చెప్పిండు. 2016ల పఠాన్‌కోట్ దాడి తర్వాత ఈ బట్టలు బయట అమ్మొద్దని, వేసుకోవద్దని సైన్యమే చెప్పింది కదా. పైసలు వస్తయని చూడకుండ వాపస్ పంపిండు. ఆ బట్టలు వేసుకొని వచ్చినోన్ని నేను, నాకు ఆ మాట చాన లోతుగ తగిలింది.

జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంల పొద్దున ఉరికే ఆడపిల్లలు కూడా ట్రాక్ ప్యాంట్ల నడుము సర్దిచ్చుకునేటందుకు ఇక్కడికే వస్తరు. కొందరు మిలిటరీ పోలీసుకు తయారైతున్నరు. సైన్యంల ఆడపిల్లలు సిపాయి ర్యాంకుల చేరుడు ఆ మిలిటరీ పోలీసు విభాగంతోనే మొదలైంది, మొదటి బ్యాచ్ 83 మంది 2021 మేల బెంగళూరు నుంచి బయటికి వచ్చిండ్రు. వాళ్లకు కొలతలు కాక భార్య తీస్తది. తల్లులు నిమ్మళంగ కూసుంటరు.

కుట్టుకూలి షర్టుకు 450, ప్యాంటుకు 550. అంటే జతకు హోంగార్డు ఒక దినం డ్యూటీ అలవెన్సు. 921 నుంచి 1000కి పెంచినంక లెక్క సరిగ్గ సరిపోయింది. బట్ట వేరే. బజార్ల తయారుగ దొరికేవి ఇంతకన్నా అగ్గువే, కానీ చేయి ఎత్తితే తెలుస్తది.

బాగలేనివి కూడా ఉన్నయి. చెప్పిన రోజుకు ఇయ్యడు. కొత్త బ్యాచ్‌లు వచ్చినప్పుడు, దసరా ముందట వారం ఆలస్యం మామూలే. ట్రయల్‌కు పరదా ఒకటే అడ్డం, లోపల ఫ్యాన్ లేదు. బిల్లు ఇయ్యడు, నోటుబుక్కుల రాసుకుంటడు. బొత్తాలు మాత్రం మీరే మంచివి కొనుక్కొని పోండి, ఆయన పెట్టేవి ఇస్త్రీకి పలుగుతయి. ఇది నేను ఆయన ముందటనే చెప్పిన, "సరే బిడ్డా, మారుస్త" అన్నడు, ఇంకా మార్చలే.

బెల్టు, బూట్లు, బ్యాడ్జీలు ఇక్కడ దొరకయి. ఆదివారం పొద్దున పొండి, తీరుబడిగ కొలతలు తీసుకుంటడు. పొయ్యేటప్పుడు డ్యూటీ బూట్లు వేసుకొని పొండి, చెప్పుల మీద ప్యాంటు పొడుగు కొలవడు, వాపస్ పంపుతడు.