శుక్రవారం తప్ప ఏ రోజైనా: కర్నూలు నుంచి సాలార్‌జంగ్ మ్యూజియానికి

పోయినేడు దసరా సెలవుల్లో ఒక వ్యాన్ టూర్‌లో హైదరాబాద్ వెళ్ళాం. అమ్మ, నేను, పిల్లలిద్దరు. తలకు 1,500 రూపాయలు, ఒక్కరోజులో తొమ్మిది చోట్లు చూపిస్తామన్నారు. సాలార్‌జంగ్ మ్యూజియానికి మాకు దొరికింది నలభై నిమిషాలు. గంటగంటకూ ఒక బొమ్మ బయటికి వచ్చి గంటలు కొట్టే పెద్ద గడియారం ముందు మా పాప చోటు చూసుకుని కూర్చుందో లేదో, డ్రైవర్ ఫోన్ చేశాడు, అందరూ ఎక్కేశారు రండి అని. పన్నెండు కొట్టడానికి ఇంకో పది నిమిషాలే ఉంది. లేచి వచ్చేశాం. పిల్ల కర్నూలు దాకా నాతో మాట్లాడలేదు. ఆరు వేలు పోసి ఆ పది నిమిషాలు ఇప్పించలేకపోయానే అని నాకూ చాలా రోజులు బాధగానే ఉండింది.

అందుకే ఈసారి ఎవరి టూరూ లేకుండా మేమే వెళ్ళాం. తొమ్మిది కాదు, రెండే చోట్లు పెట్టుకున్నాం. సాలార్‌జంగ్, చార్మినార్. రెండూ ఒకదానికొకటి కిలోమీటరున్నర లోపే. మధ్యలో వ్యాను, పార్కింగు, ట్రాఫిక్కు అనే గొడవే లేదు. కర్నూలు నుంచి ఒక్కరోజుకు వెళ్ళి రావాలనుకునేవాళ్ళకు నేను చెప్పేది ఇదే: ఈ రెండూ చాలు.

పొద్దున్నే హంద్రీ ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. కర్నూలు దాటగానే తుంగభద్ర, గద్వాల దాటాక కృష్ణ, రెండు నదులూ పిల్లలు కిటికీ దగ్గరే నిలబడి చూశారు. ఇంటి నుంచి ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు కట్టుకెళ్ళాం కాబట్టి టిఫిన్ ఖర్చు లేదు. వందే భారత్ కర్నూల్లో ఆగుతుంది కదా అని కొందరు అడుగుతున్నారు. అది పొద్దున కాచిగూడలో బయల్దేరి యశ్వంత్‌పూర్ పోతుంది, తిరిగి కాచిగూడ చేరేది రాత్రికి. మన ఒక్కరోజు ప్రయాణానికి అది ఎదురు దిక్కు. వచ్చేటప్పుడు రాత్రి కాచిగూడ నుంచి చిత్తూరు పోయే వెంకటాద్రి ఎక్స్‌ప్రెస్‌లో స్లీపర్ ముందే బుక్ చేసుకున్నాం. రెండు వైపులా నలుగురికీ కలిపి 1,200 లోపే అయింది. సెలవుల్లో వెళ్ళేవాళ్ళు తిరుగు టికెట్ ముందు చూసుకుని, తర్వాతే రోజు ఖాయం చేసుకోండి.

కాచిగూడ స్టేషన్ 1916 నాటిది. దిగగానే బయటికి పరుగెత్తకుండా ఒకసారి వెనక్కి తిరిగి ఆ గుమ్మటాలు చూడండి. బయట ఒక ఆటోవాలా మ్యూజియానికి 300 అడిగాడు. నాలుగడుగులు ముందుకు వెళ్ళి అడిగితే ఇంకొకతను 120కి వచ్చాడు. సిటీ బస్సులో వెళ్ళొచ్చు కానీ అమ్మకు మోకాళ్ళ నొప్పి. ఇంకో మాట, తెలంగాణ బస్సుల్లో ఆడవాళ్ళకు ఉచితం అని మనవాళ్ళు అనుకుంటుంటారు. ఆ మహాలక్ష్మి పథకం తెలంగాణ ఆడవాళ్ళకే. మన ఆధార్ చూపిస్తే టికెట్ కొట్టాల్సిందే.

మ్యూజియం పదింటికి తెరుస్తారు, శుక్రవారం సెలవు. మేం గురువారం వెళ్ళాం. లోపల దాదాపు నలభై గ్యాలరీలు. అన్నీ చూడాలని మొదలుపెడితే రెండో గంటకే పిల్లలకు నీరసం వస్తుంది. మేం ముందే ఇంట్లో కూర్చుని నలుగురం తలా ఒకటి కోరుకున్నాం. పాపకు గడియారం, బాబుకు కత్తులు, అమ్మకు దంతపు కుర్చీలు, నాకు ముసుగు బొమ్మ. ఆ నాలుగింటి దగ్గర ఎంతసేపైనా నిలబడాలి, మిగతావి దారిలో కనిపించినన్ని చూడాలి అని మాట.

నేను కర్నూలు పాతబస్తీలో చిన్న టైలరింగ్ షాపు నడుపుతాను. గుడ్డ పట్టుకుంటే అది ఎటు జారుతుందో చేతికి తెలుస్తుంది. అలాంటి నాకు నేను కోరుకున్న ఆ ముసుగు బొమ్మ, రెబెక్కా ముందు మాట రాలేదు. పోయినేడు దాని ముందు నుంచి నడిచి వెళ్ళిపోయాను తప్ప చూడలేదు. బైబిల్లో రెబెక్కా పెళ్ళికూతురు. కాబోయే భర్త ఇస్సాకును దూరం నుంచి చూసి ముసుగు వేసుకుంటుంది. ఇటలీ శిల్పి జియోవన్నీ మరియా బెంజోని చెక్కిన ఆ పాలరాతి బొమ్మను నిజాం ప్రధానమంత్రి మొదటి సాలార్‌జంగ్ 1876లో రోమ్ వెళ్ళినప్పుడు కొన్నారు. మొహం మీద ఆ మేలిముసుగు ఎంత పల్చగా ఉందంటే లోపలి కళ్ళు, ముక్కు, పెదవులు అన్నీ తెలుస్తాయి. కిందికి వచ్చేసరికి అదే గుడ్డ మడత మీద మడత పడి బరువుగా ఉంది. షిఫాన్ కుట్టేటప్పుడు అంచు నిలవదు, సూది కింద నుంచి పక్కకు పోతుంటుంది. సరిగ్గా ఆ జారే గుణం ఆ రాతిలో ఉంది. నేను ఒక పక్క నుంచి ఇంకో పక్కకు మూడుసార్లు తిరిగాను. మడత ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో వేలితో గాలిలో గీసుకుంటూ చూశాను. అరగంట పైనే ఉన్నాను, ఎవరూ రమ్మని పిలవలేదు.

గడియారం దగ్గరికి పదకొండున్నరకే చేరండి. ముందు కూర్చునే చోటు ఉంటుంది కానీ పన్నెండు దగ్గరపడేకొద్దీ జనం నిండిపోతారు. కలకత్తాలోని కుక్ అండ్ కెల్వీ కంపెనీ వాళ్ళ గడియారం అది, 350కి పైగా విడిభాగాలు ఉన్నాయంటారు. పక్కన ఒక చిన్న కమ్మరి బొమ్మ సెకనుకొక దెబ్బ వేస్తూనే ఉంటుంది. గంట కాబోతుండగా పైన తలుపు తెరుచుకుని గడ్డమున్న చిన్న మనిషి బయటికి వచ్చి, ఎన్ని గంటలైతే అన్ని దెబ్బలు కొట్టి లోపలికి వెళ్ళిపోతాడు. పన్నెండుకు పన్నెండు దెబ్బలు కాబట్టే అందరూ అప్పుడే వస్తారు. పాప ఒక్కొక్కటీ పైకే లెక్కపెట్టింది. పన్నెండో దెబ్బకు నా వైపు తిరిగి చెయ్యి పట్టుకుంది.

బాబుకు నూర్జహాన్, జహంగీర్‌ల బాకులు చూపించాం, పచ్చరాతి పిడులవి. వాడికి వాటికన్నా రెండు వైపుల చెక్కబొమ్మ నచ్చింది. ఒకే కర్ర మొద్దులో ముందు వైపు మెఫిస్టోఫిలిస్ అనే దయ్యం తల ఎత్తుకుని నిలబడితే, వెనక వైపు మార్గరెట్టా అనే అమ్మాయి తల దించుకుని ఉంటుంది. వెనకున్న అద్దంలో ఆమె కనిపిస్తుంది. అమ్మ కోరుకున్న కుర్చీలు టిప్పు సుల్తానుకు ఫ్రాన్స్ రాజు పదహారో లూయీ ఇచ్చినవని చెబుతారు. అమ్మ వాటి ఎదురుగా కాళ్ళు చాపుకుని కూర్చుని, "ఇవన్నీ కొన్నాయన పెండ్లి చేసుకోలేదంట కదా పాపా?" అని నన్ను అడిగింది. నిజమే. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్ నిజాం దగ్గర కొన్నాళ్ళు ప్రధానమంత్రిగా చేసి వదిలేసి, తర్వాత ముప్పై అయిదేళ్ళు వస్తువులు సేకరిస్తూనే గడిపారు. 1949లో పోయారు, వారసులు లేరు. 1951లో నెహ్రూ వచ్చి ఆయన ఇల్లు దివాన్ దేవ్డీలోనే మ్యూజియం ప్రారంభించారు. ఇప్పుడున్న భవనంలోకి 1968లో మార్చారు.

బయటికి వచ్చేసరికి రెండు దాటింది. మదీనా కూడలి దగ్గర రెండు ప్లేట్ల బిర్యానీ నలుగురికీ సరిపోయింది, ఇంకా కొంచెం మిగిలింది. అక్కడి నుంచి పత్తర్‌గట్టి కమాన్ల కింద నీడలోనే చార్మినార్ దాకా నడవొచ్చు. అమ్మను, బాబును ఆటోలో పంపాల్సింది. దగ్గరే కదా అని నడిపించాను, గుల్జార్ హౌజ్ ఫౌంటెన్ దగ్గరికి వచ్చేసరికి అమ్మ "ఇంగ నాతో కాదు పాపా" అని అరుగు మీద కూర్చుండిపోయింది. పెద్దవాళ్ళను తెచ్చేవాళ్ళు ఈ ఒక్కటి నాలాగా చేయొద్దు.

చార్మినార్ 1591లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా కట్టించింది. పైకి ఎక్కడానికి 25 రూపాయలు, పదిహేనేళ్ళ లోపు పిల్లలకు లేదు. మెట్లు సన్నగా, చుట్లు తిరుగుతూ ఉంటాయి. చీరతో ఎక్కేవాళ్ళు కుచ్చిళ్ళు పైకి దోపుకోండి. పై నుంచి మక్కా మసీదు, లాడ్ బజార్ రెండూ ఒక్కచూపులో కనిపిస్తాయి.

లాడ్ బజార్‌లో లక్కను వేడిచేసి గాజుగా తిప్పి, మెత్తగా ఉండగానే ఒక్కొక్క రాయీ అద్దుతున్న అతని దగ్గర పిల్లలు చాలాసేపు నిలబడ్డారు. ఈ లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చింది. పాపకు ఒక జత కొన్నాను. ఒక షాపులో మొదట చెప్పిన ధరకు సగానికి ఇచ్చారు కాబట్టి బేరం ఆడండి. షాపుకు లేసులు, అంచులు కూడా తీసుకున్నాను, ఆ లెక్క వేరే.

లేసులు, గాజులు తీసేస్తే రోజంతటికీ మూడు వేలు దాటలేదు. ఏడు కాకముందే కాచిగూడ చేరి ప్లాట్‌ఫారం మీద కూర్చున్నాం. అమ్మ రైలెక్కగానే నిద్రపోయింది. బాబు అడుగుతున్నాడు, వచ్చేసారి గోల్కొండ ఒక్కటే పెట్టుకుందామా అని. సంక్రాంతి సెలవులకు తిరుగు టికెట్లు దొరికితే వెళ్తాం.