చుట్టా, డబ్బా సిగారా: ఏది మేలు?

"అన్నా, చుట్ట మంచిగుంటదా, డబ్బాల వచ్చే చిన్న సిగార్ మంచిగుంటదా?" ఈ ఏడాది నన్ను ఈ మాట అడిగినవాళ్లు పదిమందికి తక్కువ ఉండరు. సిగరెట్ మీద విసుగొచ్చినవాళ్లు కొందరు. దుబాయ్ నుంచి వచ్చిన బావమరిది రేకు డబ్బా ఒకటి చేతిలో పెట్టిపోతే, అది మంచిదో కాదో తేల్చుకోలేనివాళ్లు మరికొందరు. ఫోన్లో సగం సగం చెప్పడం కంటే ఒకసారి కుదురుగా రాస్తే నయమనిపించింది. పోయిన నెల నేను కూడా రెండింట్లో ఒకటి తేల్చుకున్నాను కాబట్టి రాయడం తేలికే.

ఖరీదైన క్యూబా సిగార్ల జోలికి పోవడం లేదు. వాటిని 65–70 శాతం తేమలో దాచాలి. మే నెలలో 44 డిగ్రీలు కొట్టే వరంగల్‌లో అది వేరే ఖర్చు, వేరే చాకిరీ. బీడీ మనదే. ములుగు, భూపాలపల్లి అడవుల తునికాకు, జగిత్యాల, నిజామాబాద్ ఆడవాళ్ల చేతి పని. కానీ బీడీ పొగ గుండెల్లోకి లాగేది, నోట్లో పెట్టుకుని రుచి చూసేది కాదు. ప్లాస్టిక్ పీక బిగించిన తీపి సిగార్లు కూడా వస్తున్నాయి. ఆ పీక తీపి తప్ప నాకు వాటిలో ఏమీ దొరకలేదు.

ఇక మిగిలినవి రెండే. చుట్టకు పేరున్న ఆకు గోదావరి లంకలది. వరద తీశాక మిగిలిన ఒండ్రులో పెరిగే లంక పొగాకు అది. ఆకు మందం, ఘాటు ఎక్కువ. చుట్టలో ఆకు ముక్కలు పెద్దవిగా ఉంటాయి, పైన చుట్టేది కూడా నిజమైన ఆకే. డబ్బాలో వచ్చేవి యూరప్ పద్ధతివి. పొడిగానే ఉంటాయి, తేమ పెట్టె అక్కర్లేదు, మన ఎండకు పెద్దగా పాడుకావు. లోపల సన్నగా తరిగిన పొగాకు. దాన్ని పట్టి ఉంచే పొర మాత్రం చాలావాటిలో పొగాకు పొడిని కాగితంలా సాగదీసి చేసినది. చవకవాటిలో పై పొర కూడా అదే. కొనేముందు ఒకదాన్ని వెలుతురుకు పెట్టి చూడండి. ఈనెలు కనిపిస్తే ఆకు. ఎక్కడ చూసినా ఒకే రంగులో, అట్టపెట్టె నునుపుతో ఉంటే పొడి కాగితం.

నేను రెండింటినీ మూడేసి సాయంత్రాలు తాగి చూశాను. హన్మకొండలో మా ఇంటి డాబా మీద, అన్నం తిన్న అరగంటకు, ఒకే కుర్చీలో. హోటళ్లు, బస్టాండ్ల వంటి చోట్ల 2008 అక్టోబర్ 2 నుంచి పొగ తాగడం నిషేధం, ఇంట్లో పిల్లలున్నారు, కాబట్టి డాబా తప్ప దారి లేదు.

చుట్టను ముందు బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి మెల్లగా దొర్లించాలి. ఒకచోట రాయిలా గట్టిగా తగిలితే అక్కడ దమ్ము ఆడదు. ఒకచోట మెత్తగా కుంగితే అక్కడ ఒంటివైపు కాలుతుంది. నేను తీసుకున్న కట్టలో పదింటికి మూడు ఇలా లోపమున్నవే. డబ్బా సిగార్లు యంత్రం చుట్టినవి, పదీ ఒకేలా ఉన్నాయి. ఈ ఒక్క విషయంలో చుట్ట ఓడిపోయింది, దాచాల్సిన పని లేదు.

ముట్టించడం దగ్గర మా తాత నేర్పిందే నాకు ఇప్పటికీ పనికొస్తుంది. అగ్గిపుల్ల గీశాక గంధకం వాసన పోయేదాకా ఒక క్షణం ఆగేవాడు. తర్వాత మంటను తగలనీయకుండా, దాని సెగకు చుట్ట కొసను తిప్పుతూ కాచేవాడు. అంచంతా ఎర్రబడ్డాక గానీ నోట్లో పెట్టుకునేవాడు కాదు. "ఊకె గుంజకురా, చేదెక్కుతది" అనేవాడు. నిమిషానికి ఒక దమ్ము చాలు. గబగబా గుంజితే ఎంత మంచి ఆకైనా వేడెక్కి చేదవుతుంది. చాలామంది "సిగార్ చేదుగా ఉంది" అని పారేసేది సిగరెట్ లెక్కన గుంజడం వల్లే.

ఇప్పుడు అసలు మాట. వాసన, నుసి రంగు, డబ్బా అందం అన్నీ పక్కన పెట్టండి. చవక సిగార్‌ను చివరి అంగుళంతోనే తూచాలి. పొగ కొస నుంచి నోటిదాకా వచ్చేటప్పుడు మిగిలిన పొగాకు గుండానే వస్తుంది. తారు, నికోటిన్, తేమ దారిలో అక్కడే కొంత పేరుకుంటాయి. పొట్టిదయ్యేకొద్దీ నిప్పు నోటికి దగ్గరై పొగ వేడెక్కుతుంది. అంటే మొదట్లో ఏ మూలో దాగిన లోపం చివర్లో ముద్దగా ముందుకొస్తుంది. ఆకు సరిగా మగ్గిందా లేదా అనేది అక్కడే బయటపడుతుంది. ఆకును కుప్పవేసి మగ్గబెట్టినప్పుడు అందులోని అమ్మోనియా పోతుంది, ఘాటు మెత్తబడుతుంది. తొందరపడి మగ్గకముందే చుట్టేస్తే ఆ అమ్మోనియా చివరి అంగుళంలో ముక్కుకు కొడుతుంది, నాలుక చివర మండుతుంది.

ఇటలీ వాళ్ల టోస్కానో సిగార్ పుట్టుక కథ కూడా ఈ మగ్గడం చుట్టూనే తిరుగుతుంది. 1815లో ఫ్లోరెన్స్‌లో ఆరబెట్టిన ఆకు వానకు తడిసి పులిసిందని, పారేయడం ఇష్టం లేక దానితోనే చవక సిగార్లు చుట్టారని చెబుతారు. పొడిగా, ఎగుడుదిగుడుగా, ఘాటుగా ఉండే ఆ సిగార్ మన చుట్టకు దూరపు చుట్టంలాంటిది.

నా డాబా మీద ఏం జరిగిందంటే, వనిల్లా వాసన పట్టించిన డబ్బా సిగార్ మొదటి ఐదు నిమిషాలు బ్రహ్మాండంగా ఉంది. సగానికి వచ్చేసరికి ఆ వాసన పోయి, కాలిన కాగితం రుచి మిగిలింది. చివరి అంగుళం తాగలేకపోయాను. అదే రకంలో వాసన కలపనిది, పై పొర నిజమైన ఆకుది, చివరిదాకా మర్యాదగా నడిచింది. కొంచెం పల్చన, అంతే. చుట్ట మొదట్లో మొరటు. రెండో నిమిషంలోనే గొంతు పట్టుకుంది. కానీ సగం దాటాక మెత్తబడింది, చివరి అంగుళంలో కాల్చిన మొక్కజొన్న పొట్టు లాంటి ఒక రుచి వచ్చింది. మూడు సాయంత్రాల్లో రెండుసార్లు అలాగే. మూడోసారి ఒంటివైపు కాలి ఆగింది.

చుట్ట కొనేటప్పుడు ఇంకో జాగ్రత్త. రెండేళ్ల కింద ఒక దుకాణంలో కట్ట కొని అల్మారాలో పెట్టాను. వానాకాలం మధ్యలో తీస్తే ప్రతి చుట్టకూ సూది గుచ్చినట్టు చిల్లులు, అడుగున సన్నటి పొడి. పొగాకు పురుగు. గుడ్లు కంటికి కనిపించవు, వేడి తగిలితే పిల్లలు బయటికొస్తాయి. ఇప్పుడు కట్ట తేగానే గాలి చొరని కవరులో పెట్టి మూడు రోజులు ఫ్రీజర్‌లో, ఒక రోజు కింది ఫ్రిజ్‌లో ఉంచి తీస్తాను. పొగాకు పక్క వాసనలు త్వరగా పడుతుంది కాబట్టి ఎండుమిర్చి, మసాలాల దగ్గర అసలు పెట్టొద్దు.

"పొగ మింగను కదా, నాకేం కాదు" అనేవాళ్లకు ఒక మాట. సిగార్, చుట్ట పొగకు క్షార గుణం ఎక్కువ, అందుకే నికోటిన్ నోటి చర్మం నుంచే ఒంట్లోకి దిగుతుంది. నోరు, నాలుక, గొంతు క్యాన్సర్లకు మింగాల్సిన పని లేదు. శ్రీకాకుళం వైపు అడ్డపొగ, అంటే నిప్పున్న కొసను నోట్లోకి పెట్టుకుని చుట్ట తాగే ఆడవాళ్లలో అంగిలి క్యాన్సర్ కనిపించడం వైద్యులకు ఎప్పటినుంచో తెలిసిన సంగతి. తాగనివాళ్లు ఈ వ్యాసం చదివి మొదలుపెట్టొద్దు. తాగేవాళ్లు, నోట్లో పుండు రెండు మూడు వారాలైనా మానకపోతే డాక్టర్‌కు చూపించుకోండి. నేను వారానికి ఒకటి దాటనివ్వను. అది కూడా తక్కువ ప్రమాదం కాదని తెలుసు.

కాబట్టి ఎప్పుడో ఒకటి తాగేవాళ్లకు, దాచే ఓపిక లేనివాళ్లకు డబ్బా సిగారే మేలు. తీపి లేనిది, ఈనెలు కనిపించేది చూసుకోండి. చేతితో ఏరి, కొంతకాలం ఆగగలిగేవాళ్లకు చుట్ట. నా ఓటు చుట్టకే. ఒక మంచి చుట్ట చివరి అంగుళంలో ఇచ్చే రుచిని ఇంతవరకు ఏ డబ్బా సిగారూ నాకు ఇవ్వలేదు. ఉగాది తర్వాత తెచ్చిన రెండు కట్టలు ఇప్పుడు మా ఇంట్లో స్టీలు డబ్బాలో ఉన్నాయి. మొన్న మూత తీస్తే ఘాటు ఇంకా కళ్లకు తగిలింది. దసరా దాకా ముట్టను.