లైవ్ డేటా చూపే ఓబీడీ స్కానర్: ఎయిర్-ఫ్యూయల్ సెన్సర్ తనిఖీలో ఎంతవరకు పనికొస్తుంది?

చిన్న తెర, ఆరు బటన్లు, ఒక కేబుల్ ఉన్న ఓబీడీ-2 స్కానర్‌ను, అంటే కారు కంప్యూటర్ నమోదు చేసిన లోపాల కోడ్లను చదివే పరికరాన్ని, ఏడాదిగా వాడుతున్నాను. స్టీరింగ్ కింద ఉండే 16 పిన్నుల సాకెట్‌కు తగిలించి ఇగ్నిషన్ ఆన్ చేస్తే చాలు, విడిగా చార్జింగ్ అక్కరలేదు. కోడ్లు చదివే పరికరాలు చాలానే ఉన్నా దీన్ని ఎంచుకోవడానికి కారణం, ఇంజిన్ నడుస్తుండగా వచ్చే లైవ్ డేటాను, కోడ్ పడిన క్షణంలో నమోదైన ఫ్రీజ్ ఫ్రేమ్ అంకెలను ఇది చూపించడమే. ఎగ్జాస్ట్‌లోని ఆక్సిజన్‌ను బట్టి గాలి, పెట్రోలు పాళ్లను చెప్పే ఎయిర్-ఫ్యూయల్ రేషియో సెన్సర్ విషయంలో ఈ రెండూ లేకుండా కోడ్ ఒక్కటే చూసి నిర్ణయం తీసుకుంటే ఏమవుతుందో నాకు అనుభవమే.

మా కారులో చెక్ ఇంజిన్ లైట్ వెలిగినప్పుడు, ఒక వర్క్‌షాపులో పి0171 కోడ్ చదివి, ముందున్న ఎయిర్-ఫ్యూయల్ సెన్సర్ పోయిందని చెప్పి కొత్తది బిగించారు. పన్నెండు రోజులకు మళ్లీ అదే లైటు, అదే కోడ్. బిగించిన సెన్సరే నాసిరకమై ఉంటుందని, ఇంకొకటి వేద్దామని అన్నారు. నిజానికి ఆ కోడ్‌కు అర్థం మొదటి బ్యాంకులో (సిలిండర్ల మొదటి వరుసలో) మిశ్రమం పలచగా ఉందని, అంటే పెట్రోలుకు తగిన పాళ్లకు మించి గాలి కలుస్తోందని మాత్రమే. ఆ మాట చెబుతున్న సెన్సర్ నిజం చెబుతోందో అబద్ధం చెబుతోందో తేల్చకుండా మరోసారి మార్చడానికి నాకు మనసొప్పలేదు. ఆ వారమే ఈ స్కానర్ కొన్నాను.

ఫ్రీజ్ ఫ్రేమ్ తెరవగానే కోడ్ పడినప్పుడు ఇంజిన్ బాగా వేడెక్కి, బండి ఐడిల్‌లో నిలబడి ఉందని తెలిసింది. ఇంజిన్ కంప్యూటర్ పెట్రోలును ఎంత పెంచుతోందో, తగ్గిస్తోందో చెప్పే దిద్దుబాటే ఫ్యూయల్ ట్రిమ్; లైవ్ డేటాలో ఐడిల్ వద్ద లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ +19 శాతం, షార్ట్ టర్మ్ +5 శాతం ఉన్నాయి. ఇంజిన్‌ను 2500 ఆర్‌పీఎం వద్ద నిలకడగా ఉంచితే రెండూ కలిపి 7 శాతానికి దిగాయి. గాలిని కొలిచే మాఫ్ సెన్సర్ ఉన్న బండిలో ఈ తీరు కనిపిస్తే, కొలతకు అందని గాలి ఇన్‌టేక్‌లోకి ఎక్కడినుంచో దూరుతోందని మొదట అనుమానించాలి, ఎందుకంటే ఐడిల్‌లో ఇంజిన్ పీల్చే గాలే తక్కువ కాబట్టి చిన్న లీకు కూడా పెద్ద వాటా అవుతుంది. అదే మాఫ్ సెన్సర్ మురికిపట్టినా, ఫ్యూయల్ పంపు బలహీనపడినా, లోడ్ పెరిగేకొద్దీ ట్రిమ్ కూడా పెరుగుతూ పోతుంది. సెన్సర్‌కు ముందు ఎగ్జాస్ట్‌లో లీకు ఉంటే బయటి గాలి చేరి మిశ్రమం పలచగా ఉన్నట్టు భ్రమ కలుగుతుంది కనుక, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు మానిఫోల్డ్ గ్యాస్కెట్ దగ్గర మసి మరకలు, టిక్‌టిక్ చప్పుడు లేవని ముందే చూసుకున్నాను.

తర్వాత సెన్సర్‌నే పరీక్షించాను. యాక్సిలరేటర్‌ను ఒక్కసారిగా నొక్కితే ల్యాంబ్డా (మిశ్రమం సరిగ్గా ఉంటే 1, పెట్రోలు ఎక్కువైతే అంతకంటే తక్కువ చూపే అంకె) 1 కంటే కిందికి జారింది. రోడ్డు మీద గేరులో ఉండగా కాలు తీసేస్తే, ఇంజెక్టర్లు మూసుకున్న ఆ కొద్ది క్షణాల్లో చటుక్కున పైకి ఎగిరింది. రెండు వైపులా ఆలస్యం లేకుండా స్పందించే సెన్సర్‌ను పాడైందని ఎలా అనగలం? ఇక లీకు వెతకడమే మిగిలింది. ఇంజిన్ లోపలి ఆవిర్లను ఇన్‌టేక్‌కు తెచ్చే పీసీవీ హోస్‌ను ఇన్‌టేక్ మానిఫోల్డ్ దగ్గర మెత్తని గుడ్డ చుట్టిన ప్లయర్‌తో నొక్కి పట్టుకోగానే, తెర మీద షార్ట్ టర్మ్ ట్రిమ్ +5 నుంచి గబగబా దిగి -14 దగ్గర ఆగింది. లాంగ్ టర్మ్ వెంటనే కదలదు కాబట్టి ఆ దిద్దుబాటు మొత్తం షార్ట్ టర్మ్‌లోనే కనిపించింది. హోస్ విప్పి తిప్పి చూస్తే, వంపు అడుగున గోరు దిగేంత పగులు ఉంది. హోస్ మార్చాక లైటు మళ్లీ వెలగలేదు.

పరికరంలో లోపాలు కూడా ఉన్నాయి. దీని మాన్యువల్‌లో ఆక్సిజన్ సెన్సర్ రీడింగు 0.1, 0.9 వోల్టుల మధ్య ఊగుతూ ఉండాలని రాశారు. అది మిశ్రమం పలచనో చిక్కనో మాత్రమే చెప్పే పాత న్యారోబ్యాండ్ సెన్సర్‌కు వర్తించే మాట. ఎయిర్-ఫ్యూయల్ సెన్సర్ రీడింగు ఐడిల్‌లో దాదాపు నిలకడగా ఉండడమే సరైనది, పైగా టయోటా బండ్లలో మిశ్రమం సరిగ్గా ఉన్నప్పుడు అది 3.3 వోల్టుల చుట్టూ ఉంటుంది. ఈ తేడా తెలియనివారు ఆ పేజీని నమ్మి బాగున్న సెన్సర్‌ను పీకేసే ప్రమాదం ఉంది. ఒకేసారి పది అంకెలు చూపమంటే తెర నెమ్మదిస్తుంది కనుక, సెన్సర్ రీడింగు, రెండు ట్రిమ్‌లు, ఆర్‌పీఎం, ఈ నాలుగే ఎంచుకోవడం మేలు. పి0135 వంటి హీటర్ కోడ్ పడితే ఇది కోడ్ చెప్పి ఊరుకుంటుంది. ఫ్యూజు, కనెక్టరు, హీటర్ రెసిస్టెన్స్ చూడడానికి మల్టీమీటర్ కావలసిందే.

నన్ను అన్నిటికంటే ఇబ్బంది పెట్టింది కోడ్లు చదివే బటన్ పక్కనే చెరిపే బటన్ ఉండడం. అది నొక్కితే కోడ్‌తోపాటు ఫ్రీజ్ ఫ్రేమ్ కూడా పోతుంది, రెడీనెస్ మానిటర్లన్నీ, అంటే పొగ నియంత్రణ భాగాలపై కారు తానే చేసుకునే పరీక్షలన్నీ, మళ్లీ మొదటికి వస్తాయి. చెరిపే ముందు ఒకసారి అడుగుతుంది గానీ, ఆ ప్రశ్నకు అవునని చెప్పే బటన్ కూడా అదే. అందుకని నేను సాకెట్‌కు తగిలించగానే ఫ్రీజ్ ఫ్రేమ్ తెరను ఫోన్‌తో ఫొటో తీసుకుని, ఆ తర్వాతే మిగతా పని మొదలుపెడతాను.