టీమ్ గొడవలకి బయటి మధ్యవర్తి సర్వీస్: పనికొచ్చిందా?

మా ఆఫీసులో రెండు టీమ్‌ల మధ్య మాటలు దాదాపు ఆగిపోయాక హెచ్‌ఆర్ వాళ్లు బయటి నుంచి ఒక మధ్యవర్తిని పిలిపించారు. పనికొచ్చింది, అదీ బాగానే. ఆవిడ వచ్చీరాగానే అందరినీ కూర్చోబెట్టి పంచాయితీ పెట్టలేదు, ఒక్కొక్కరితో విడిగా మాట్లాడారు. ఎవరైనా "అతను ఎప్పుడూ ఇంతేనండీ" అని మొదలుపెడితే ఆపి, "చివరిసారి ఏం జరిగింది? ఎవరు ఎవరికి ఏం చెప్పారు?" అని అడిగేవారు. అలా తవ్వితే తేలిందేంటంటే, అందరూ బద్ధకస్తుడని ముద్ర వేసిన టెస్టింగ్ కుర్రాడికి ఇద్దరు మేనేజర్లు వేర్వేరు పనులు అర్జెంట్ అని అప్పజెప్పి, ఎవరి పని ఆగితే వాళ్లు తిడుతున్నారు. ఎదుటివాళ్ల పరిస్థితి చూడకుండా స్వభావాన్నే తప్పుపట్టే ఈ అలవాటు గురించి సైకాలజిస్టు లీ రాస్ 1977లోనే రాశారు, అయినా ఆఫీసుల్లో ఇంకా అదే తంతు.

ఇప్పుడు పనులన్నిటికీ ఒకటే లిస్టు, వరస మార్చాలంటే మేనేజర్లిద్దరూ ముందు మాట్లాడుకోవాల్సిందే. ఆ కుర్రాడి టెన్షన్ చాలా తగ్గింది.

నచ్చనివీ ఉన్నాయి. ఉమ్మడి మీటింగ్‌లో డైరెక్టర్‌ని కూర్చోనిచ్చారు, దాంతో ఎవరూ నోరు విప్పలేదు. చివర్లో ఇచ్చిన రిపోర్టు ఏ కంపెనీకైనా సరిపోయేలా ఉంది. కొన్ని వారాల తర్వాత మళ్లీ వచ్చి చూడటం ప్యాకేజీలో లేదు, అది ముందే అడిగి రాయించుకోండి. వేధింపుల కేసైతే మాత్రం దీని జోలికి పోకండి, దానికి ఫిర్యాదు, విచారణ కావాలి, రాజీ కాదు.